ఆరు సెంటీమీటర్ల సత్యం

పెదరేవు ప్రభుత్వ డిగ్రీ కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో స్వర్ణపత్ర విద్యుద్దర్శని ఆకులు ఆరు సెంటీమీటర్లు విచ్చుకుంటాయి. ముప్పై ఒక్క సంవత్సరాలుగా అవి అంతే విచ్చుకుంటున్నాయి. ఎండ మండినా ఆరే, వాన ముసిరినా ఆరే. గాజు కడ్డీని పట్టుగుడ్డతో పదిసార్లు రుద్దినా ఆరే, పాతికసార్లు రుద్దినా ఆరే, అసలు రుద్దకపోయినా ఆరే. ప్రకృతి ఇంత నిలకడగా మరో చోట ప్రవర్తించిన దాఖలాలు లేవు.

ఆ నిలకడ వెనుక ఉన్నది ప్రకృతి కాదు, రికార్డు పుస్తకం. ఏటేటా చివరి సంవత్సరం విద్యార్థులు తమ ముందువారి రికార్డులు అడిగి తెచ్చుకుంటారు. ఆ ముందువారు వారి ముందువారి దగ్గర తెచ్చుకున్నవారే. పటం పెన్సిలుతో, సిద్ధాంతం నీలి సిరాతో, చిట్టచివరి వాక్యం మాత్రం ఎర్ర సిరాతో దిగుతుంది: ‘ఫలితం: ఆకుల మధ్య దూరం 6 సెం.మీ.’ ఆ ఆరును మొదట ఎవరు కొలిచారో, అసలు కొలిచారో లేదో, ఇప్పుడు చెప్పగలవారు లేరు. అడిగినవారూ లేరు.

పరికరం చూడబోతే బహు సాధువు. ఒక గాజు సీసా. దాని మూతలోంచి కిందికి దిగిన ఒక ఇత్తడి కడ్డీ. ఆ కడ్డీ చివర, జోడించిన చేతుల్లా వేలాడే రెండు పలచని బంగారు రేకులు. విద్యుదావేశం ఉన్న గాజు కడ్డీని పైన దగ్గరికి తెస్తే రేకులు రెండింటికీ ఒకే జాతి ఆవేశం చేరుతుంది. ఒకే జాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి. ఒకే పదోన్నతికి అర్హులైన ఇద్దరు అధ్యాపకుల్లాగ ఎడమొహం, పెడమొహం అవుతాయి. విద్యార్థి ఆ ఎడాన్ని కొలిచి రాస్తే ప్రయోగం ముగిసినట్టే.

ఆ ఏడు ఏప్రిల్‌లో జరగవలసిన ప్రయోగ పరీక్ష వాయిదా మీద వాయిదా పడి, శ్రావణంలో, ముసురు పట్టిన ఒక ఉదయానికి వచ్చి ఆగింది. కాగితాలు మెత్తబడి, తలుపులు ఉబ్బి, గోడకు ఆనుకున్న వీపుకల్లా చెమ్మ అంటుకునే రోజు. ఆ రోజున కొల్లి తలుపులమ్మ గాజు కడ్డీని పట్టుగుడ్డతో చెయ్యి లాగేదాకా రుద్దింది. సీసా దగ్గరికి తెచ్చింది. రేకులు కదలలేదు. మళ్లీ రుద్దింది. మళ్లీ కదలలేదు. చుట్టుపక్కల ఇరవై ముగ్గురు విద్యార్థులు కడ్డీ ముట్టకుండానే ఎర్ర సిరాతో ఆరు వేసి లేచిపోయారు. తలుపులమ్మ మాత్రం ఇలా రాసింది: ‘ఆకులు విచ్చుకోలేదు. గాలిలో తేమ ఎక్కువ. గాజు మీద పట్టిన చెమ్మ పొర మీదుగా ఆవేశం జారిపోయి ఉండవచ్చు.’

ఆమె తండ్రి ఉప్పు మడుల్లో పనిచేస్తాడు. ఏ గాలికి ఉప్పు గడ్డకడుతుందో, ఏ గాలికి కరిగి నీరవుతుందో వింటూ పెరిగిన పిల్ల. తేమను గురించి లేనిది చెప్పడం ఆ ఇంట అలవాటు లేదు.

భౌతికశాస్త్రం బోధించే గవర్రాజు మాస్టారు ఆ వాక్యాన్ని చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివారు.

“ఇదేటమ్మా, విచ్చుకోలేదని రాసేవ్?”

“విచ్చుకోలేదండి మాస్టారూ.”

“విచ్చుకోవు. నాకు తెలీదా? వానల్లో అవి ఎప్పుడు విచ్చుకున్నాయి గనక. విచ్చుకోకపోవడం వేరు, విచ్చుకోలేదని రాయడం వేరు.”

పూర్వమైతే ఆయనే ఏదో సర్ది మార్కులు వేసి పంపేవారు. ఆ ఏడు అది కుదరదు. ఆ ఏడే ‘ఫలిత సామ్య విధానం’ అమలులోకి వచ్చింది. ఒకే ప్రయోగానికి ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క ఫలితం రాయడం విద్యారంగంలో అరాచకానికి దారితీస్తున్నదని పైవారు గుర్తించారు. ప్రతి కళాశాలా ప్రతి ప్రయోగానికీ ఒక ‘ఆమోదిత ఫలితం’ ముందుగా పోర్టల్‌లో నమోదు చేయాలన్నారు. విద్యార్థి ఫలితం దానితో సరిపోలితేనే మార్కుల గడి తెరుచుకుంటుంది. పెదరేవు కళాశాల రికార్డు పుస్తకం తెరిచి, ఎర్ర సిరాలో ఉన్న అంకెను భక్తితో నమోదు చేసింది.

మాస్టారు తలుపులమ్మ పేరు ఎదుట, ఫలితం గడిలో సున్నా కొట్టారు. ‘మీ ఫలితం ఆమోదిత ఫలితంతో సరిపోలడం లేదు’ అని ఎర్రటి పట్టీ వచ్చింది. ఆయన దిగులుగా ఆమె వైపు తిరిగారు.

“నీ బీఎడ్ కౌన్సెలింగు ఎప్పుడు?”

“ఇంకా ఇరవై రోజులుందండి. ర్యాంకు వచ్చింది. మెమో ఒక్కటే చూపించాలి.”

ప్రయోగ పరీక్ష మార్కులు లేనిదే డిగ్రీ మెమో రాదు. మెమో లేనిదే బీఎడ్ సీటు రాదు. ఇందులో తికమక ఏమీ లేదు. తలుపులమ్మకు సైన్సు టీచరు కావాలని ఉంది. అందుకు ఇరవై రోజుల్లోగా రెండు రేకులు ఆరు సెంటీమీటర్లు విచ్చుకోవలసి ఉంది.

“ఆరు అని రాసెయ్యమ్మా. నీ సొమ్మేం పోతుంది?” అన్నారు మాస్టారు.

ఆరు అని రాయడానికి ఆమెకు సిద్ధాంతపరమైన అభ్యంతరం ఏదీ లేదు. రేకులు ఆరు విచ్చుకుంటే ఆరే రాస్తుంది.

“ఓసారి ఆరబెట్టి చూస్తానండి,” అంది.

ల్యాబ్ అటెండరు అప్పలనరసయ్య మర్నాడు పొద్దున్నే నూరు వాట్ల బల్బు ఒకటి తెచ్చి బిగించాడు. ఇద్దరూ కలిసి సీసాను బల్బు పక్కన గంటసేపు కాచారు. గాజు కడ్డీని కాచారు. పట్టుగుడ్డను చంటిపిల్ల బట్టలా వెచ్చబెట్టారు. అప్పుడు తలుపులమ్మ కడ్డీని గట్టిగా రుద్ది, సీసా మూత దగ్గరికి తెచ్చింది. జోడించిన చేతులు మెల్లగా విడిపోయాయి.

అప్పలనరసయ్య ముక్కు మీద వేలేసుకున్నాడు.

“ఇరవై రెండేళ్ల బట్టి తుడుత్నాను దీన్ని. ఇది ఇలాగ కదుల్తాదని ఎవులూ సెప్పలేదు పాపా.”

తలుపులమ్మ స్కేలు పట్టి చూసింది. ఒకటిన్నర సెంటీమీటర్లు. బల్బు ఇంకా దగ్గర పెట్టి, ఇంకా గట్టిగా రుద్దింది. ఒకటి ముప్పావు. అంతకు మించి రేకులు కదలనంటే కదలనన్నాయి. అప్పుడామెకు, ముప్పై ఒక్క సంవత్సరాలలో ఎవరికీ రాని ఒక ఆలోచన వచ్చింది. స్కేలును రేకుల దగ్గర నుంచి తీసి, సీసాకు అడ్డంగా పెట్టింది.

“మాస్టారూ, సీసాయే అయిదు సెంటీమీటర్లండి.”

గవర్రాజు మాస్టారు వచ్చి, స్కేలు అందుకుని తామే కొలిచి చూశారు. అయిదు సెంటీమీటర్ల సీసాలో ఆరు సెంటీమీటర్లు విచ్చుకున్న రేకులు ముప్పై ఒక్క సంవత్సరాల పాటు ఆయన సంతకం కింద వేలాడుతూ కనిపించాయి.

“ఈ సంగతి ఎవరితోనూ అనకండి,” అన్నారు చివరికి.

తలుపులమ్మ ఎవరితోనూ అనలేదు. అప్పలనరసయ్య టీ కొట్టు దగ్గర ఒక్కరితోనే అన్నాడు. మధ్యాహ్నానికి ప్రిన్సిపాల్ డాక్టర్ విశ్వభూషణం గారి గదికి పిలుపు వచ్చింది.

“అమ్మాయ్,” అన్నారు ప్రిన్సిపాల్ గారు, పేపరువెయిట్‌ను ఒక చేతి నుంచి మరో చేతికి మార్చుకుంటూ, “నువ్వు సదరు సీసాను ఎవరి అనుమతితో కొలిచావు?”

“కొలవకూడదాండి?”

“సిలబస్‌లో ఆకుల మధ్య దూరం కొలవమని ఉన్నది. సీసా కొలవమని ఎక్కడైనా ఉన్నదా? లేదు. అడిగిన దానికి జవాబు రాయడం విద్య. అడగని దానిని కొలవడం దర్యాప్తు. దర్యాప్తుకు పైవారి ఉత్తర్వులు కావాలి.”

“పోనీ సార్, ఒకటి ముప్పావు అని వేసుకోనివ్వండి. అది నిజంగానే విచ్చుకుంది.”

“నిజంగా విచ్చుకున్నదే ఇప్పుడు మన సమస్య,” అన్నారాయన.

విషయం పైకి వెళ్లింది. వారం తిరగకుండా ముగ్గురు సభ్యుల సమితి దిగింది. అధ్యక్షులు ఫలిత సామ్య సంచాలకులు డాక్టర్ కమలాకరం గారు; పొడుగాటి మనిషి, పొడుగాటి వాక్యాల మనిషి. ఆయన సీసాను మూడుసార్లు ప్రదక్షిణం చేసి, కుర్చీలో ఆసీనులై, తలుపులమ్మను ఎదుట నిలబెట్టారు.

“ముప్పై ఒక్క సంవత్సరాలలో ఈ కళాశాల నుంచి రెండు వేల నాలుగు వందల మంది పట్టభద్రులు బయటకు వెళ్లి, సమాజంలో వివిధ హోదాలలో స్థిరపడి, తమ తమ రికార్డులలో ఆరు సెంటీమీటర్లు నమోదు చేసియున్నారు. వారిలో మా సమితి సభ్యులు ఒకరు కూడా ఉన్నారు. ఒక పక్క రెండు వేల నాలుగు వందల మంది. ఇంకొక పక్క ఒక సీసా. ఈ పరిస్థితులలో తప్పు ఎటువైపు ఉండుటకు అవకాశం ఉన్నదో నువ్వే చెప్పు.”

“స్కేలు పెట్టి చూడండి సార్,” అంది తలుపులమ్మ.

“చూశాం. చూసిన మీదటనే అడుగుతున్నాం.”

పూర్వవిద్యార్థి అయిన సభ్యుడు నేల చూపులు చూశాడు. సమితి గంటసేపు తలుపులు వేసుకుని చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించింది. ‘సముద్రపు గాలికి దీర్ఘకాలం గురియగుట వలన సదరు సీసా కాలక్రమమున కుంచించుకుపోయినట్లు సమితి అభిప్రాయపడుచున్నది. ఆమోదిత ఫలితమునకు ఎట్టి లోపమూ లేదు. ఫలితమునకు తగిన పరికరమును సమకూర్చవలసినదిగా సిఫారసు చేయడమైనది.’

“నా మార్కులండి?” అని అడిగింది తలుపులమ్మ. కౌన్సెలింగుకు పన్నెండు రోజులు మిగిలాయి.

“నీ మార్కులు నూతన పరికరంతో ముడిపడి ఉన్నాయమ్మా,” అన్నారు కమలాకరం గారు దయగా. “ఒక వ్యవస్థ ఎదుగుతున్నప్పుడు వ్యక్తులు కాస్త ఓపిక పట్టాలి.”

నూతన పరికరం తొమ్మిదో రోజున లారీలో వచ్చింది. నలుగురు మోసుకొచ్చి దించారు. నిలువెత్తు అద్దాల పెట్టె, లోపల జానెడు వెడల్పున రెండు ఇత్తడి రేకులు, పైన బంగారు పూత. బంగారపు పలుచదనంతో పనిచేసే పరికరాన్ని బంగారు రంగుతో సరిపెట్టారు. తలుపులమ్మ కడ్డీని బల్బు దగ్గర కాచి, రుద్ది, దగ్గరికి తెచ్చింది. ఆ రేకులు గుమ్మానికి వేసిన గొళ్లెంలా నిలబడ్డాయి.

“ఇంత బరువుంటే కదలవు సార్,” అంది.

“బరువైన ఫలితానికి బరువైన రేకులు,” అన్నారు ప్రిన్సిపాల్ గారు. అయినా ఆయన ముఖం పాలిపోయింది. ఆవిష్కరణకు సంచాలకుల వారు స్వయంగా వేంచేస్తున్నారు. అదే సభలో తలుపులమ్మ ప్రయోగ పరీక్ష కూడా జరిపి, విధానం విజయవంతమైనట్లు ప్రకటిస్తారు. కౌన్సెలింగుకు అది ముందు రోజు.

ఆ సాయంత్రమే బజారు వీధి నుంచి ఒక మెకానిక్కును పిలిపించారు. చీరల దుకాణాల గుమ్మాల ముందు చేతులు జోడించి, విప్పి, మళ్లీ జోడించే నమస్కారం బొమ్మలు ఉంటాయే, వాటిని చేసేవాడు. అతను రేకుల వెనుక ఆ బొమ్మల్లోని చిన్న మోటారు ఒకటి పెట్టి, సరిగ్గా ఆరు సెంటీమీటర్ల దగ్గర ఆగేలా ఒక మేకు కొట్టి, తీగను బల్ల కిందికి లాగి మీట బిగించాడు.

తలుపులమ్మ చూస్తూ నిలబడింది. ఆమె చూపు చూసి ప్రిన్సిపాల్ గారు సంజాయిషీ ఇవ్వడం తమ విధి అనుకున్నారు.

“ఇది మోసం కాదమ్మాయ్. విద్యుదావేశం ఎలాగూ కంటికి కనిపించదు. కనిపించేవి రేకులే. కనిపించే భాగం మనం చూసుకుంటాం. కనిపించని భాగం ప్రకృతి చూసుకుంటుంది. దీనినే బాధ్యతల వికేంద్రీకరణ అంటారు.”

ఆయన వెళ్లాక అప్పలనరసయ్య ఆమె పక్కకు చేరాడు.

“మీట నాకాడ పెట్టేరు పాపా. నువ్వు కడ్డీ అట్టుకొచ్చి అక్కడెట్టగానే నొక్కాలంట. నా గుండె దడదడలాడతంది.”

“నీకెందుకు బాబాయ్ దడ? పరీక్ష నాది.”

“నీదైతే సదివి రాత్తావు. నాదైతే సదివేది ఏటుంది, నొక్కడమే గదా.”

ఆవిష్కరణ రోజున వాన కుండపోతగా కురిసింది. వరండాలో షామియానా, షామియానా కింద కుర్చీలు, కుర్చీల్లో ఊరి పెద్దలు, పెద్దల ఎదుట పూలదండ వేసుకున్న అద్దాల పెట్టె. పోర్టల్ తెరిచిన కంప్యూటరు ఒక పక్క బల్ల మీద సిద్ధంగా ఉంది. కమలాకరం గారు నలభై నిమిషాలు మాట్లాడారు. ఒక ప్రాంతంలో ఒక ఫలితం, మరో ప్రాంతంలో మరో ఫలితం ఉండటం జాతి సమైక్యతకు తగదన్నారు. తేమ అనేది ఒక మానసిక స్థితి అన్నారు. చివరన, ‘ఇక ఈ బాలిక తన ప్రయోగంతో’ అంటూ కుడిచేతిని పెట్టె వైపు గంభీరంగా చాపారు.

అప్పలనరసయ్య ఆ చెయ్యి లేవడమే చూశాడు. నొక్కేశాడు.

తలుపులమ్మ అప్పటికి ఇంకా గది గుమ్మంలోనే ఉంది. గాజు కడ్డీ పట్టుగుడ్డలో చుట్టిన చుట్ట చుట్టినట్టే ఉంది. పెట్టెలో రేకులు హుందాగా విడిపోయి, మేకు దగ్గర ఆగాయి. సభ యావత్తూ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో ఆమె నడిచి వచ్చి, కడ్డీని పెట్టె పైన పెట్టే వేళకు, పూర్వజన్మ వాసన వదలని మోటారు రేకులను మళ్లీ జోడించింది. విప్పింది. మళ్లీ జోడించింది. వందనం అందుకోవడం అలవాటైన కమలాకరం గారు అప్రయత్నంగా ప్రతినమస్కారం చేశారు. అది చూసి ముందు వరుసలోని పెద్దలూ చేశారు. ఫోటోగ్రాఫరు ఆ ఘట్టాన్ని పదిలపరిచాడు.

“కొలువమ్మా,” అన్నారు కమలాకరం గారు.

రేకులు విచ్చుకున్న క్షణం చూసి తలుపులమ్మ స్కేలు పెట్టింది. వెంట్రుకవాసి తేడా లేకుండా ఆరు.

రికార్డు రాయడానికి ఇరవై నిమిషాలు ఇచ్చారు. తలుపులమ్మ బల్ల ముందు కూర్చుంది. రేపటి ఉదయం తొమ్మిదింటికి విశాఖపట్నంలో, చేతిలో మెమోతో, వరుసలో నిలబడాలి. గవర్రాజు మాస్టారు ఆమె వెనుక నిలబడి, ఎన్నడూ లేనిది, తానే విద్యార్థి అయినట్టు చెమటలు కక్కుతున్నారు. ఆమె కలం తీసింది. తరువాత, ఎవరో పక్కన కూర్చుని చెబుతుంటే రాస్తున్నట్టు, తడబడకుండా రాసింది.

‘పరిశీలన: గాజు కడ్డీని రుద్దలేదు. కడ్డీని సమీపానికి తేకముందే ఆకులు విచ్చుకున్నాయి. కడ్డీని తెచ్చిన తరువాత మూసుకున్నాయి. అనంతరం వాటంతటవే పలుమార్లు విచ్చుకుని మూసుకున్నాయి. ఫలితం: ఆకుల మధ్య దూరం 6 సెం.మీ.’

చివరి వాక్యం ఒక్కటే ఎర్ర సిరా.

కమలాకరం గారు పుస్తకం అందుకుని, పేజీ అడుగున ఎర్రగా ఉన్నదేదో అది చదివి, తృప్తిగా తల పంకించి, యాభైకి యాభై వేశారు. పోర్టల్‌లో ఆరు కొట్టగానే పచ్చటి పట్టీ వచ్చింది. గవర్రాజు మాస్టారు మాత్రం పేజీ మొత్తం చదివారు. చదివి, ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, తన ముప్పై ఒక్క సంవత్సరాల సంతకాల కింద ఇంకొకటి పెట్టారు.

“ఇన్నాళ్లకి ఒక్కటి చూసి పెట్టేనమ్మా,” అన్నారు మెల్లగా. “పో. ఆఫీసు మూసేస్తారు. మెమో తీసుకో.”

తలుపులమ్మకు సీటు వచ్చింది.

నూతన పరికరంపై రాసిన మొట్టమొదటి రికార్డు కావడం చేత, ఆమె పుస్తకాన్ని ‘ఆదర్శ రికార్డు’గా ప్రకటించి, ప్రతులు తీయించి, నలభై రెండు కళాశాలలకు పంపారు. నలభై రెండు చోట్లా విద్యార్థులు దానిని అక్షరం పొల్లుపోకుండా ఎక్కించుకున్నారు. ఇంతమంది స్వతంత్రంగా ఒకే పరిశీలన నమోదు చేసినందున అది శాస్త్రీయంగా రుజువైనట్లు పైవారు నిర్ధారించారు. మరుసటి సంవత్సరం సిద్ధాంత పాఠ్యాంశంలో దానికొక అధ్యాయం కేటాయించారు.

ఆ మార్చిలో, బీఎడ్ హాస్టలు మెట్ల మీద కూర్చున్న తలుపులమ్మకు పెదరేవు నుంచి ఒక జూనియరు ఫోను చేసింది.

“అక్కా, నేను సత్యవేణిని. ఫైనలియర్. ఒక ఇంపార్టెంట్ క్వశ్చన్ ఇచ్చేరు. ‘ఆవేశిత కడ్డీని సమీపమునకు తేకముందే స్వర్ణపత్రములు విచ్చుకొనుటకు గల కారణములను వివరింపుము.’ రికార్డు నీదే కదా. కారణం నీకు తెలుస్తాదని.”

తలుపులమ్మ ఫోను మరో చెవికి మార్చుకుంది.

“తెలుసు చెల్లీ. రాసుకో. అప్పలనరసయ్య బాబాయి మీట ముందే నొక్కేడు.”

అవతల కలం కదిలిన చప్పుడు, వెంటనే ఆగిన చప్పుడు.

“అంతేనా అక్కా?”

“అంతే.”

“అది ఒక్క ముక్కే కదక్కా,” అంది సత్యవేణి దిగులుగా. “పది మార్కులకి నాలుగు పేజీలు రాయాలి.”